తీగలోంచి దిగిన ఆకాశం

ఎవరిమీదైనా కోపం వస్తే మనవాళ్లు ‘నీకు చుక్కలు చూపిస్తాను’ అని బెదిరిస్తారు. ఆవిడకు అది బెదిరింపు కాదు, ఉద్యోగం. ఊరి నక్షత్రశాలలో ఇరవై రెండేళ్లుగా గుమ్మటం లోపలి కప్పు మీద చుక్కలు పరిచే యంత్రం నడిపేదీ ఆవిడే, దీపాలు తగ్గించేదీ ఆవిడే, చీకట్లో నిలబడి ఏది ఏ చుక్కో చెప్పేదీ ఆవిడే. బడిపిల్లలు ఆవిడకు చుక్కలమ్మ అని పేరు పెట్టారు. అసలు పేరు ఇప్పుడు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు, ఆవిడకూ ఆ పేరుతో పిలిస్తే ఒక క్షణం ఆలస్యంగా వినపడుతుంది.

కష్టాలు ఎప్పుడూ జంటగానే వస్తాయి. సోమవారం నాడు యంత్రాన్ని నడిపే కంప్యూటరు డిస్కు చచ్చిపోయింది. బుధవారం నాడు గోరుచుట్టు మీద రోకలిపోటులా పట్టణ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. పాత దస్త్రాలు పెట్టుకోడానికి చోటు చాలడం లేదట. వచ్చే శుక్రవారం కాదు, ఆ పై శుక్రవారం పదకొండింటికి అధికారి వచ్చి చూస్తాడట. ప్రదర్శన నడుస్తుంటే సరేసరి. నడవకపోతే కుర్చీలు పీకేసి, గుమ్మటం కింద బీరువాలు పేరుస్తారు. చుక్కలమ్మకు టపా విభాగంలో ఒక బల్ల చూపిస్తారు.

కొత్త డిస్కు బిగించడానికి వచ్చిన కంపెనీ మనిషి అరగంటలో పని ముగించి సంచీ భుజాన వేసుకున్నాడు.

“సాఫ్ట్‌వేర్ మా సైట్‌లోంచి దించుకోండమ్మా. ఒక్క ఫైలే.”

ఆ ఒక్క ఫైలు పద్నాలుగు జీబీ. నక్షత్రశాలకు ఉన్నది పాత ఫోన్ తీగ మీద వచ్చే ఇంటర్నెట్టు. ఉత్తరాలు చూసుకోడానికి తప్ప దాన్ని ఎవరూ ఎన్నడూ వాడలేదు. దాని వేగం సెకనుకు అరవై కేబీ. నత్త కూడా దీన్ని దాటి వెళ్లి, వెనక్కి తిరిగి చూసి జాలిపడుతుంది. పొరుగూరికి వెళ్లి దించుకొద్దామంటే, ఈ యంత్రం నంబరు చూసి గాని కంపెనీ వాళ్ల లింకు తెరుచుకోదు. డిస్కులో పెట్టి పంపమంటే మూడు వారాలన్నారు. సెల్‌ఫోన్ సిగ్నల్ ఆ మందపాటి గుండ్రటి గోడలు దాటి లోపలికి రాదు. ఇక మిగిలింది ఆ నత్తే.

బుధవారం సాయంత్రం డౌన్‌లోడ్ నొక్కి, దీపాలార్పి, తలుపు తాళం వేసి ఇంటికి వెళ్లింది. గురువారం పొద్దున్న వచ్చి చూస్తే ఇరవై మూడు శాతం దిగింది. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. ఎప్పటిలాగే తలుపు మూసుకుని, అన్నీ సర్దుకుని, తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. పది నిమిషాలు గడిచాయో లేదో మోడెమ్ మీది పచ్చదీపం టపటపమని కొట్టుకుని ఆరిపోయింది. డౌన్‌లోడ్ విఫలమైందని తెర మీద ముక్క వచ్చింది. మళ్లీ నొక్కితే లెక్క సున్నా నుంచి మొదలైంది. ఆ రోజంతా పక్కనే కూర్చుని కాపలా కాసింది. పది నిమిషాలకోసారి తెగడం, మొదటికి రావడం, అదే వరస.

శుక్రవారం పొద్దున్న ఇరవై నాలుగు. ఆవిడ కూర్చోగానే సున్నా. శనివారమూ అంతే.

శనివారం మధ్యాహ్నానికి చుక్కలమ్మకు ఒక సంగతి అర్థమైనట్టు అనిపించింది. తాను లేనప్పుడు చక్కగా దిగుతోంది. తాను వచ్చి కూర్చుంటే తెగుతోంది. తలుపు సందులోంచి దొంగచూపు చూస్తే ఏమీ కావడం లేదు. లోపలికి వచ్చి స్థిమితంగా కూర్చుంటేనే పచ్చదీపం ఆరుతోంది. లోకానికి కోట్ల మైళ్ల దూరపు సంగతులు చెప్పే మనిషి, గ్రహణానికి భయపడొద్దని వేలమంది పిల్లలకు బోధించిన మనిషి, తన కళ్లే దానికి తగులుతున్నాయని నమ్మింది. మనిషికి దిక్కు తోచకపోతే చదువు ఎంతసేపు అడ్డం నిలబడుతుంది! కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే శని ఆదివారాలు సెలవని ఒక రికార్డు గొంతు చెప్పింది.

సంగతి విన్న చుక్కలమ్మ అక్క నవ్వలేదు. మొగుడి వైపు తిరిగింది. “ముప్ఫై నాలుగేళ్లు స్తంభాలెక్కారుగా! ఇంట్లో కూచుని నా వంటకి వంకలు పెట్టే బదులు, వెళ్లి దాని తీగేంటో చూడకూడదూ?”

బావ టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయనకు అటకమీది పాత పనిముట్ల సంచీ దించడానికి ఆ ఒక్క మాట చాలు. ఆదివారం పొద్దున్నే నిచ్చెనతో దిగాడు. సైకిల్ షాపు ముందున్న స్తంభం మీద తుప్పు పట్టిన అతుకు ఒకటి దొరికింది. దాన్ని కోసి కొత్తగా కలిపాడు. స్తంభం నుంచి గోడ దాకా తీగ మార్చేశాడు. చేతులు దులుపుకుంటూ వచ్చి, “ఇక నీ తీగ పెళ్లికూతురే మరదలా, చూస్కో” అన్నాడు. చుక్కలమ్మ లోపలికి వెళ్లి కూర్చుంది. ఎనిమిది నిమిషాల్లో పచ్చదీపం ఆరింది.

“చెప్పానా బావా! నా కళ్లే.”

“నీ కళ్లకి అంత శక్తుంటే మీ అక్కని ఒకసారి చూసి పో తల్లీ, కాస్త నోరు తగ్గుతుంది” అన్నాడు గాని, ఆయన మొహంలో నవ్వు లేదు. బయటి తీగ బాగుంది, అది ఆయనకు తెలుసు. మరి దొంగ ఎక్కడున్నట్టు?

సోమవారం పొద్దున్న ఆయన తన పాత టెస్టింగ్ ఫోన్ తెచ్చాడు. రెండు కొక్కేలు తీగకు తగిలించి చెవిన పెట్టుకుంటే లైనులో ఏముందో వినపడే పరికరం అది. గోడ దగ్గర చతికిలబడి విన్నాడు. లైను నిశ్శబ్దంగా ఉంది. చుక్కలమ్మ పక్కనే నిలబడి మోడెమ్ వంక కళ్లప్పగించి చూసింది. ఏమీ కాలేదు.

“చూస్తూనే ఉన్నావుగా? తెగలేదే?”

“నిలబడితే తెగదేమో!”

“సరే, రోజూ ఎలా కూచుంటావో అచ్చం అలాగే కూచో. ఒక్క పని కూడా వదలొద్దు. నేను లేననుకో.”

ఆవిడ అలాగే చేసింది. తలుపు మూసింది. గోడ దగ్గరికి వెళ్లి డిమ్మర్ పట్టుకుని మెల్లగా తిప్పింది. గుమ్మటం అంచు చుట్టూ ఉన్న దీపాలు వెనక్కి తగ్గి, గది సాయంసంధ్యలోకి జారింది. కుర్చీ వైపు రెండడుగులు వేసిందో లేదో, బావ పరికరాన్ని చెవి నుంచి దూరంగా లాగి కేకేశాడు.

“ఆగు! ఇప్పుడేం చేశావ్?”

“ఏం చేశాను? సంధ్య పెట్టాను.”

“ఎందుకు?”

ఇరవై రెండేళ్లుగా ఆ గదిలో ఆవిడ పూర్తి వెలుతురులో కూర్చున్న రోజు లేదు. చుక్కలు కనపడాలంటే కళ్లు ముందుగా చీకటికి అలవాటు పడాలి. అందుకే ప్రదర్శన ముందు దీపాలను సగానికి తెచ్చి అలా ఉంచేస్తుంది. ప్రదర్శన లేని రోజున కూడా ఆ గదిలో అడుగు పెడితే చెయ్యి తనంతట తనే డిమ్మర్ మీదికి పోతుంది. గుడ్డి వెలుతురులో తప్ప ఆవిడకు అక్కడ ఊపిరాడదు. ఇల్లు చేరగానే చెప్పులు విడిచినట్టు, అది ఒక పని అని కూడా ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

బావ పరికరం ఆవిడ చెవికి ఆనించాడు. లైను నిండా జుయ్యిమని ఒకటే మోత. ఆయన డిమ్మర్ పూర్తిగా పైకి తిప్పాడు. మోత పోయింది. పూర్తిగా కిందికి తిప్పి ఆర్పేశాడు. అప్పుడూ లేదు. సగానికి తెచ్చాడు. మళ్లీ జుయ్యిమంది.

“దీపం సగం వెలగాలంటే ఇది కరెంటుని సెకనుకి వందసార్లు తుంచాలి. ఆ తుంచే గోలంతా పక్కనే గోడలో పోతున్న ఫోన్ తీగలోకి కారుతోంది. ఈ డిమ్మర్ బొత్తిగా పాతదైపోయింది. మోడెమ్ కాసేపు తట్టుకుని, ఇక నావల్ల కాదని చేతులెత్తేస్తోంది.” ఆయన నడుం పట్టుకుని లేచాడు. “పిల్లిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికాం కదే. నేను స్తంభాలెక్కి మరీ వెతికాను!”

చుక్కలమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తాను అపురూపంగా చూసుకునే సాయంకాలమే తన కొంప ముంచుతోందని ఎవరు మాత్రం అనుకుంటారు?

మధ్యాహ్నం సహాయ కేంద్రం ఫోన్ ఎత్తింది. అవతల ఒక అమ్మాయి, గొంతు నిండా ఓపిక.

“మేడం, మీరు ఒక్క ఫైలుగా బ్రౌజర్‌తో దించుతున్నారా? అయ్యో, వద్దండీ. మీ వేగానికి అరవై అయిదు గంటలు పడుతుంది. మధ్యలో రెప్పపాటు కరెంటు పోయినా మళ్లీ మొదటికే. మీకొక చిన్న ప్రోగ్రాం పంపిస్తాను. అది దాన్నే ఏడొందల ముక్కలుగా అడిగి తెస్తుంది. తెగితే ఆ ఒక్క ముక్కే పోతుంది, వచ్చినవి ఎక్కడికీ పోవు. ప్రతి ముక్కకీ ఒక వేలిముద్ర ఉంటుంది. చివర్లో అన్నీ సరిచూసుకుంటుంది.”

“ముక్కకి వేలిముద్రేంటమ్మా?”

“ముక్కలో ఉన్నదంతా కలిపి లెక్కేస్తే వచ్చే పొడుగాటి సంఖ్యండీ. లోపల ఒక్క అంకె మారినా ఆ సంఖ్య మొత్తం మారిపోతుంది.”

“ఇంతకీ అంత బరువేముంది అందులో? పాతది చిన్నదే కదా!”

“పాతదాంట్లో తొమ్మిది వేల నక్షత్రాలే కదా మేడం, కంటికి కనపడేవి. ఇది కొత్తది. పది కోట్లు. ఒక్కొక్కటీ ఎక్కడుందో, ఎంత వెలుగో, ఏ రంగో, ఎటు కదులుతోందో, అన్నీ ఉంటాయి.”

చుక్కలమ్మ ఫోన్ పెట్టేసింది. తొమ్మిది వేలు ఆవిడకు పిల్లల్లా తెలుసు. పది కోట్లంటే నోటితో అనడం తేలిక, మనసుకు ఎక్కించుకోవడం కష్టం. సెకనుకు ఒకటి చొప్పున చూపించుకుంటూ పోతే మూడేళ్లు పైన పడుతుందని కాగితం మీద లెక్క వేసుకుని, ఆ కాగితం వంక చూస్తూ కూర్చుంది.

మూడింటికి మొదటి ముక్క బయలుదేరింది. దీపాలన్నీ పూర్తిగా వెలుగుతున్నాయి. అంత వెలుతురులో ఆవిడ గుమ్మటాన్ని ఎప్పుడూ చూడలేదు. సున్నం పెచ్చులు, అతుకుల గీతలు, ఒక మూల వాన కారిన పసుపు మరక. ఇంత ముసలిదైపోయావా అని దాని వంక జాలిగా చూసింది. ముక్కకు ఆరు నిమిషాలు. ఒకటి, రెండు, మూడు. పచ్చదీపం రెప్ప వేయకుండా వెలుగుతోంది.

మంగళవారం సాయంత్రానికి రెండొందల ఎనభై దాటింది. ఎదురుగా కూర్చుని చేసేదేమీ లేక, ఆవిడ బావతో కలిసి బయటికి వచ్చి తీగ వెంట నడిచింది. నక్షత్రశాల గోడలోంచి బయటపడి, సైకిల్ షాపు మీదుగా, ఇస్త్రీ బండి మీదుగా, బడి ప్రహరీ పక్కన వంగి, రోడ్డు దాటి, మందుల షాపు నెత్తిన స్తంభం ఎక్కి, టెలిఫోన్ ఆఫీసు దాకా పోతుందది. వేలికి చుట్టుకుంటే చుట్టుకునేంత సన్నం. మధ్యలో ఒకచోట నాలుగు కాకులు వాలి ఉన్నాయి. కింద ఒకాయన సైకిల్ ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూసుకుంటున్నాడు. వాళ్లందరి నెత్తిమీదుగా, ఎవరికీ చప్పుడు వినపడకుండా, చుక్కలు నడిచిపోతున్నాయి. ఎర్రవి, నీలివి, చచ్చిపోబోయేవి, ఇంకా పుడుతున్నవి, వరసగా ఒకదాని వెనక ఒకటి.

బావ స్తంభం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

“ఈ తీగలో ఊరి గోలంతా మోశాను మరదలా. పుట్టిన కబుర్లు, పోయిన కబుర్లు, మొగుడూ పెళ్లాల కొట్లాటలు. ఆకాశాన్ని మొయ్యడం మాత్రం ఇదే మొదలు.” తల ఎత్తి కాకుల్ని హుష్ అని అదిలించాడు.

బుధవారం నలభై నిమిషాలు కరెంటు పోయింది. చుక్కలమ్మ గుండె చేత్తో పట్టుకుని కూర్చుంది. కరెంటు రాగానే ప్రోగ్రాం లేచి, చేతిలో ఉన్న ఒక్క ముక్క పారేసి, దాన్నే మళ్లీ అడిగి, ఏమీ జరగనట్టు తన దారిన తాను పోయింది. ఇంత పెద్దమనిషి తరహా ఆవిడ మనుషుల్లో కూడా ఎక్కువ చూడలేదు.

గురువారం పొద్దున్న తొమ్మిదిన్నరకు ఏడు వందలూ దిగాయి. ప్రోగ్రాం ఒక్కొక్క ముక్క వేలిముద్రా తీసి, కంపెనీ పంపిన జాబితాతో పోల్చడం మొదలుపెట్టింది. అక్క కూడా ఆ రోజు ఫ్లాస్కుతో టీ పట్టుకుని వచ్చింది. ముగ్గురూ తెర ముందు వరసగా నిలబడ్డారు. అరగంటకు లెక్క ఆగింది. ఆరు వందల తొంభై తొమ్మిది సరి. ఒకటి తప్పు. నాలుగు వందల పన్నెండో ముక్క.

తెర మీద రెండు సంఖ్యలు ఒకదాని కింద ఒకటి వచ్చాయి, ఉండాల్సింది పైన, ఉన్నది కింద. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి ఒక్కొక్క దాంట్లో అరవై నాలుగు. బావ పైది చదివాడు, చుక్కలమ్మ కిందిది చదివింది. మొదటి అక్షరం నుంచే పొంతన లేదు.

“పోనిద్దూ, ఇన్ని కోట్లలో ఒకటీ అరా తప్పితే ఎవడికి తెలుస్తుంది?” అంది అక్క.

“దీనికి తెలిసిందక్కా.”

ఆ మాట అన్నాక గాని తాను ఏమందో చుక్కలమ్మకు తెలియలేదు. ఎక్కడో ఒక చుక్క వెలుగు ఆవగింజలో సగం తప్పి ఉంటుంది. దారిలో ఒక అంకె జారిపోయి ఉంటుంది. పది కోట్లలో అదెక్కడుందో మనిషన్నవాడు వెతకబోతే జన్మ చాలదు. ఆ సంఖ్య మాత్రం ఒక్కటి తగ్గినా నేను ఒప్పుకోనని కూర్చుంది. చుక్కల్ని ఇంత పట్టుగా లెక్కపెట్టేవాళ్లు ఉంటారని ఆవిడ అనుకోలేదు. దేవుడి దగ్గర తప్ప ఇలాంటి లెక్క ఉండదనుకుంది.

ఆ ఒక్క ముక్కనూ మళ్లీ అడిగారు. ఆరు నిమిషాలు ముగ్గురిలో ఎవరూ టీ ముట్టుకోలేదు. ముక్క వచ్చింది. సంఖ్యలు మళ్లీ పైనా కిందా నిలబడ్డాయి. బావ ఒక అక్షరం, చుక్కలమ్మ ఒక అక్షరం, అరవై నాలుగూ పైకి చదివారు. చివరి అక్షరం కూడా కలిసేసరికి అక్క చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంది, ఎందుకో ఆవిడకే తెలియదు.

దిగిన సరుకు సర్దుకోడానికి యంత్రానికి ఇంకొక రోజు పట్టింది. శుక్రవారం పదీ యాభైకి ‘సిద్ధం’ అన్న మాట వచ్చింది. ఒకసారి నడిపి చూసుకునే వ్యవధి లేదు. పదకొండింటికి అధికారి వచ్చేశాడు. చేతిలో టేపు, చంకలో ఫైలు. వస్తూనే టేపు లాగి గోడ నుంచి గోడకు కొలవడం మొదలుపెట్టాడు.

“గుండ్రటి గది. బీరువాలు గోడకి ఆనవు. పెద్ద చిక్కే ఇది” అని గొణిగాడు. “ప్రదర్శన సంగతేమిటమ్మా?”

“కూర్చోండి సార్.”

“నిలబడే చూస్తాను, నాకు ఇంకో రెండు చోట్లకి వెళ్లాలి.”

ఆవిడ డిమ్మర్ దగ్గరికి వెళ్లింది. ఇప్పుడిక మోత ఎంత పెట్టినా భయం లేదు. సాయంసంధ్యను మెల్లగా, ఎప్పటికన్నా మెల్లగా దించింది. సున్నం పెచ్చులు పోయాయి, మరక పోయింది, గుమ్మటం పోయింది. ఒక నిమిషం పాటు చిమ్మచీకటి. ఆ తర్వాత ఆవిడ మీట నొక్కింది.

మొదట వచ్చినవి ఆవిడకు తెలిసిన తొమ్మిది వేలు. వాటిని చూసి తేలికపడేలోగా వాటి వెనకనుంచి మిగతావి రావడం మొదలైంది. నలుపు ఉన్న ప్రతిచోటా చుక్క మొలిచింది. చుక్కకూ చుక్కకూ మధ్య ఉన్న సందులో ఇంకో వంద. ఆ వంద సందుల్లో ఇంకా. పాలపుంత పొగలా కాక, ఇసుకలా, రేణువు రేణువుగా విడివిడిగా కనిపించింది. చూపు ఎక్కడ ఆనిస్తే అక్కడ లోతు తెరుచుకుంటోంది. ఇన్నేళ్లుగా చీకటి అని తాను చూపించిన చోటల్లా ఇవే ఉన్నాయి. చుక్కలమ్మ ప్రతి ప్రదర్శనకూ చెప్పే మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. తల ఎత్తి నిలబడిపోయింది.

చీకట్లో ఎక్కడో టేపు సర్రున చుట్టుకుపోయిన చప్పుడైంది. ఆ తర్వాత కుర్చీ కిర్రుమంది. నిలబడే చూస్తానన్న మనిషి కూర్చున్నాడు.

చాలాసేపటికి ఆయన గొంతు వినిపించింది, గుళ్లో మాట్లాడినంత మెల్లగా. “ఇవన్నీ ఎక్కణ్నుంచి తెచ్చారు?”

“మన సైకిల్ షాపు మీది తీగలోంచి సార్” అన్నాడు బావ.

కాగితాలు గలగలమన్నాయి. ఫైలు తెరిచి, తడుముకుంటూ ఏదో గీస్తున్న చప్పుడు.

“దీపం వెయ్యమంటారా సార్?”

“వద్దమ్మా, వద్దు. ఇంకాసేపు ఉండనీండి.”

ఇంకాసేపు అంటే అరగంట. ఆయన చూడాల్సిన మిగతా రెండు చోట్లూ ఎక్కడికీ పారిపోవు గదా! చివరికి ఆవిడే మెల్లగా తెల్లవార్చింది. గుమ్మటం మళ్లీ పెచ్చులతో మరకతో తిరిగొచ్చింది. అధికారి కళ్లు చికిలించుకుని ఒళ్లోని కాగితం వంక చూసుకున్నాడు. ఆఫీసులో బయలుదేరే ముందే నింపుకొచ్చిన పత్రం అది. మొదటి వరసలో ‘గది: ఖాళీ’ అని ఉంది. దాని కింది వరసలో ‘పైకప్పు: ఉంది’ అని ఉంది. చీకట్లో ఆయన గీత గురి తప్పి, ‘ఖాళీ’కి బదులు ‘ఉంది’ మీద పడింది.

బావ తొంగి చూసి గొంతు సవరించుకున్నాడు. “సార్, పొరపాటున పైకప్పు కొట్టేశారు.”

అధికారి కాగితం చూశాడు. తల ఎత్తి గుమ్మటం చూశాడు. మళ్లీ కాగితం చూశాడు.

“అది ఉండనీండి” అని, కలం తీసి, పై వరసలో ‘ఖాళీ’ అన్న మాటను కూడా కొట్టేసి, కింద సంతకం పెట్టాడు.